కిటికీ పక్క కిత్తనార

"నీళ్లు పోయకపోయినా బతుకుతుందండీ" అంటూ నర్సరీల్లో అగేవ్ మొక్కను చేతిలో పెడతారు. ఆ మాట సగమే నిజం. నీళ్లు లేకుండా వారాలు గడుపుతుంది గానీ వెలుతురు లేకుండా గడపలేదు. చాలామంది దాన్ని తెచ్చి హాల్లో టీవీ పక్కనో, సోఫా వెనక మూలనో పెడతారు. బిర్రుగా, పచ్చగా నిలబడి ఉంటుంది కాబట్టి బాగానే ఉందనుకుంటారు. కొన్నాళ్లకు మొవ్వులోంచి వచ్చే ఆకులు సన్నబడి, పాలిపోయి, కిటికీ వైపు సాగుతాయి. అలా సాగిన ఆకు మళ్లీ పొట్టిగా, దిట్టంగా మారదు. అందుకే నా మటుకు అది హాలు మొక్క కాదు, కిటికీ అంచునో బాల్కనీ కమ్మీల పక్కనో ఉండవలసిన మొక్క. రోజుకు ఐదారు గంటలు ఎండ తగిలే చోటు ఇంట్లో లేకపోతే కొనకపోవడమే దానికి మేలు.

దాని పుట్టిల్లు మెక్సికో, ఆ పక్కనే ఉన్న అమెరికా నైరుతి ప్రాంతం. అక్కడి ఎండకు పగటిపూట ఆకు రంధ్రాలు తెరిస్తే ఉన్న కాస్త తడీ ఆవిరైపోతుంది. అందుకని రాత్రి చల్లబడ్డాకే తెరుస్తుంది. అప్పుడు పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లం రూపంలో దాచుకుని, తెల్లారాక రంధ్రాలు మూసేసి, ఎండ సాయంతో ఆహారం చేసుకుంటుంది. పగలు ఎండ తగలకపోతే ఆ రాత్రి దాచిందంతా పొయ్యి వెలగని ఇంట్లో తెచ్చిపెట్టిన సరుకే.

ఇంట్లోకి నాకు అన్నిటికంటే ఇష్టమైనది విక్టోరియా రాణి పేరుతో 1875లో శాస్త్రగ్రంథాలకెక్కిన జాతి. ఈశాన్య మెక్సికో ఎడారి కొండల్లోది. చాలా నిదానంగా పెరుగుతుంది, మామూలుగా అడుగున్నర వెడల్పుకు మించదు. ముదురాకుపచ్చ ఆకులు, వాటి అంచుల వెంట సున్నంతో గీసినట్టు తెల్లని గీతలు, కొసన నల్లటి ముల్లు. అడవి మొక్కలను పెకలించి అమ్మేవాళ్ల వల్ల దీనికి ముప్పు ఉంది, అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలూ ఉన్నాయి. కాబట్టి నర్సరీలో పెంచినదే అడిగి తీసుకోవాలి. పిల్లలు తిరిగే ఇంటికైతే ముళ్లే లేని అటెన్యుయేటా అనే జాతి నయం.

అంచుల వెంట ముళ్లున్న జాతులను దగ్గరగా చూస్తే ఇంకో అందం కనిపిస్తుంది. ఆకు వీపు మీద రంపపు పళ్ల వరసలా ఒక నీడ ఉంటుంది. వేలితో తుడిస్తే పోదు. మొవ్వులో ఆకులన్నీ ఒకదాన్నొకటి గట్టిగా అదుముకుని పెరుగుతాయి, పక్క ఆకు ముళ్లు లేత ఆకు మీద అచ్చు పడతాయి. ఆకు విచ్చుకున్నా ఆ అచ్చు చివరిదాకా ఉంటుంది. ఉదయపు ఏటవాలు ఎండలో చూడాలి దాన్ని!

మన దగ్గర దీనికి అసలు గండం ఎండాకాలం కాదు, వానాకాలం. ముసురు పట్టిందంటే కుండీ ఆరదు, వేళ్లు కుళ్లుతాయి. మొవ్వు మెత్తబడి, పట్టుకుంటే ఊడి వచ్చేదాకా పైకేమీ తెలియదు. జూన్ దాటగానే కుండీలను సజ్జ కిందికి జరపడం మంచిది. గులాబీలకు కలిపే ఎర్రమట్టీ పశువుల ఎరువూ దీనికి పనికిరావు. సగానికి పైగా గరుకు ఇసుక, చిన్న కంకర, ఇటుక ముక్కలు ఉండాలి. మట్టి కుండీ అయితే పక్కల నుంచీ ఆరుతుంది. కుండీ ఎత్తి చూస్తే తేలిగ్గా ఉండాలి, అడుగుదాకా గుచ్చిన పుల్ల పొడిగా రావాలి, అప్పుడే నీళ్లు. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయాలి. కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయాలి.

కుండీలో ఇంత గారాబంగా చూసుకునే ఈ మొక్క మనకు కొత్తదేమీ కాదు. పొలం గట్ల మీద, రైలు పట్టాల వెంట కంచెగా నిలబడ్డ కిత్తనార ఈ కుటుంబానిదే. మట్టలు కోసి, నీళ్లలో నానవేసి, బాది, నార తీసి పగ్గాలు పేనేవారు. ఆ మొక్కే ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న బలమంతా పెట్టి ఒక్కసారి ఇరవై అడుగుల కాడ లేపి పూస్తుంది, ఆ తర్వాత ఎండిపోతుంది. కొన్ని రకాల్లో పూలు రాలిన చోటే పిల్లమొక్కలు పుట్టి నేల మీదికి రాలుతాయి. కుండీలో వేళ్లకు చోటు తక్కువ గనుక పూత అరుదు. దానికి నేనేమీ చింతించను, పూయనన్నాళ్లూ మొక్క ఉంటుంది.

పిలకలు మాత్రం చాలా రకాలు కుండీలోనూ వేస్తాయి. అరచేతి మందం అయ్యాక, వేసవి మొదట్లో, వేరుతో సహా కోసి విడదీయవచ్చు. చేతులకు తొడుగులు ఉండాలి, కొన్ని రకాల రసంలోని సూదుల్లాంటి స్ఫటికాలు చర్మానికి దురద, మంట పుట్టిస్తాయి. కోసిన చోటు గట్టిపడేదాకా వారం రోజులు నీడలో ఆరనిచ్చి నాటాలి. మరో వారం నీళ్లు వద్దు. మొవ్వులో కొత్త ఆకు కదిలిందంటే వేరు పట్టినట్టే. అప్పుడు ఎండలోకి జరపాలి. అదీ ఒక్కరోజులో కాదు, ముందు పొద్దుటి ఎండలో గంటసేపు, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ. లేకపోతే లేత ఆకుల మీద తెల్లటి మచ్చలు పడతాయి, అవిక పోవు.