సూది కంటే ముందు వేళ్లు

మనిషి నిటారుగా నిలబడి నడవడానికి కావలసిన బలంలో పెద్ద భాగం పిరుదుల్లోనే ఉంది. అక్కడ మూడు కండరాలు పొరలు పొరలుగా పరచుకొని ఉంటాయి. అన్నిటికన్నా పైనున్న గ్లూటియస్ మాక్సిమస్, అంటే పెద్ద పిరుదు కండరం, గొంతుక్కూర్చొని ఇప్పపువ్వు ఏరే మనిషిని లేపి నిలబెడుతుంది, జీలుగు చెట్టెక్కే మనిషి తొడను వెనక్కి నెట్టి ఒంటిని పైకి తోస్తుంది. దాని చాటున ఉండే మీడియస్, మినిమస్ అనే రెండు కండరాలు, ఒక కాలు నేల విడిచిన ప్రతిసారీ కటి ఎముక ఆ పక్కకు ఒరిగిపోకుండా రెండో కాలి వైపు నుంచి పట్టి నిలుపుతాయి. ఈ పట్టు సడలినప్పుడు కనిపించే లక్షణాన్ని 1895లో వివరించిన జర్మన్ శస్త్రవైద్యుడు ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బర్గ్ పేరుతోనే వైద్యులు నేటికీ పిలుస్తున్నారు.

ఈ కండరాల మరుగున దిగేది సయాటిక్ నరం. నడుము కింది భాగంలో వెన్ను నుంచి వెలువడే ఐదు నరాల పాయలు కలిసి ఏర్పడిన ఈ నరం శరీరంలోకెల్లా లావైనది. మొదట్లో దాని వెడల్పు దాదాపు 2 సెంటీమీటర్లు. పైరిఫార్మిస్ అనే చిన్న కండరం కింది నుంచి బయటపడి, కూర్చున్నప్పుడు నేలకానే ఎముకకూ తొడ ఎముక పైకొసన బయటివైపు తగిలే బొడిపెకూ నడుమగా అది తొడలోకి సాగుతుంది. ఈ నరం దారిలో పుట్టే నొప్పికి ఆయుర్వేదం గృధ్రసి అని పేరు పెట్టింది. రోగి నడక రాబందు నడకను పోలి ఉంటుందని ఆ పేరుకు వివరణ చెబుతారు. జటాయువు నేలకూలిన చోటుగా జనం నమ్మే ఎటపాక భద్రాచలానికి ఆనుకొనే ఉన్నందున, ఆ పేరు ఆ ప్రాంతంలో మరింత బరువుగా వినిపిస్తుంది.

దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఈ వ్యాసం కోసం సందర్శించిన ఆరోగ్య ఉపకేంద్రంలో రిజిస్టర్లు, మందుల బీరువా, టీకాల పెట్టె అన్నీ చూపించారు. అయితే వాటన్నిటికన్నా చూడదగినవి అక్కడి నర్సు చేతులు. పక్కకు తిరిగి పడుకున్న రోగి కుడి తుంటి మీద ఆమె ఎడమ అరచేతిని ఉంచి, అరచేతి మడమకు తొడ ఎముక బొడిపె తగిలేదాకా నెమ్మదిగా ఒత్తి చూస్తుంది. చూపుడువేలిని ముందువైపు కటి ఎముక మొనకు ఆనించి, మధ్యవేలిని ఆ ఎముక అంచు వెంబడి వెనక్కి చాపుతుంది. రెండు వేళ్ల నడుమ ఏర్పడే కోణంలో సయాటిక్ నరం ఉండదు, పెద్ద రక్తనాళమూ ఉండదు. ఎముక గుర్తులు మూడూ చేతికి అందేదాకా ఆమె సిరంజిని ముట్టుకోదు. పసిపిల్లలకైతే పిరుదు జోలికే పోక, టీకాను తొడ బయటివైపు మధ్యభాగంలో వేస్తుంది. ఇంతటి ఓర్పు గల పని ఏ పరికరం సాయమూ లేకుండా సాగుతుండటం చూసినవారికి గౌరవం కలగక మానదు.

వరండాలో కూర్చున్న ఒక ముసలమ్మ మాట ఆ గౌరవాన్ని బాధగా మార్చింది. "జరమని వాడికి సూది ఏపిచ్చినం సిస్టరమ్మా. జరం పోయింది, కాలికి చెప్పు నిలవట్లే" అని ఆమె మనవడిని చూపించింది. ఆ సూది ఎక్కడో మరొక చోట, నిలబెట్టి, బట్టను కాస్త కిందికి జరిపి పొడిచినది. తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయన్న సామెత పొంతన లేని మాటలకు వాడుకలో ఉన్నా, శరీరంలో మాత్రం తుంటి మీది పోటు పాదాన్ని పడగొట్టగలదు. పాదాన్ని పైకెత్తే పాయ సయాటిక్ నరంలో బయటివైపున ఉండటం వల్ల తరచుగా ముందు దెబ్బతినేది అదే. తెగిన నరం తిరిగి పెరిగినా రోజుకు సుమారు 1 మిల్లీమీటరుకు మించదు గనుక, పెద్దవారిలో పిరుదు నుంచి మోకాలి కింది కండరాన్ని చేరడానికి ఏడాదికి పైగా పడుతుంది.

పిరుదులో పైభాగాన బయటివైపు నాలుగోవంతులో సూది వేయాలన్న పాఠం చాలామందికి తెలిసినదే అయినా, ఆ నాలుగోవంతును కంటితో అంచనా కట్టడమే అలవాటైపోయి, ఎముకను వేలితో వెతికే పద్ధతి క్రమంగా మరుగున పడుతున్నది. తిండి చాలక ఒంటి మీద కండ లేని పిల్లల్లో నరం చర్మానికి మరింత దగ్గరగా ఉంటుందని గుర్తిస్తే, ఈ అంచనా ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది. అంతకన్నా విచారకరమైనది, మాత్రలతో నయమయ్యే మామూలు మలేరియా జ్వరానికి కూడా సూది పడితేనే వైద్యం జరిగినట్టు భావించడం. కొత్తగూడెంలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. మొదటి ఏడాది విద్యార్థులు కోసి చూసి నేర్చుకొనే ఈ శరీర భాగపు జ్ఞానం, జ్వరం రాగానే జనం మొదట తలుపుతట్టే గూడెపు వైద్యుడికి తెలుగులో, కోయలో, చేతిని పట్టుకొని నేర్పవలసినదిగా ఇంకా ఎవరికీ తోచకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం.

నర్సు ఆ కుర్రవాడి వేళ్లను పైకెత్తమన్నది. బొటనవేలు కొద్దిగా కదిలింది. పాదాన్ని నిలిపి ఉంచే ప్లాస్టిక్ పట్టీ కోసం భద్రాచలం ఆసుపత్రికి చీటీ రాసి, అప్పటిదాకా చెప్పు జారకుండా మడమ వెనక గుడ్డపీలిక కట్టింది. తునికాకు కోతకు అందరితో పాటు అడవిలోకి పోలేని అతడు ఈ వేసవిలో కల్లం దగ్గర కూర్చొని, కట్టకు 50 ఆకుల చొప్పున లెక్కపెడుతున్నాడు.