గురులఘువులు, పైథాన్

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. పై తరగతుల పిల్లలకు ఛందస్సు చెప్పడమంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఆ ఇష్టమే నన్ను నడివయసులో ప్రోగ్రామింగ్ వైపు నడిపించింది. ఉద్యోగం మారాలని కాదు, ప్రమోషన్ కోసమూ కాదు. పద్యపాదం ఇస్తే గురులఘువులు గుర్తించి, గణాలు విడగొట్టి, అది ఏ వృత్తమో చెప్పే ప్రోగ్రాం నా చేత్తో నేనే రాయాలనిపించింది. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ ‘ఛందం’ పేరుతో ఇప్పటికే ఉంది. అయినా, లోపల పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే సొంతంగా రాయడం తప్ప వేరే దారి లేదు.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి దారి చూపించాడు. “పైథాన్‌తో మొదలుపెట్టండి మాస్టారూ. మూడో వెర్షన్ తీసుకోండి, తెలుగు నేరుగా టైపు చేయొచ్చు” అన్నాడు. గీడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన భాష పైథాన్. 2008లో వచ్చిన మూడో వెర్షన్‌లో మాటలన్నీ మొదటినుంచీ యూనికోడ్‌లోనే ఉంటాయి కాబట్టి తెలుగుకు వేరే ఏర్పాట్లు అక్కర్లేదు.

అంతమాత్రాన పని సులువు కాలేదు. పుస్తకం చదువుతున్నంతసేపూ లూపులు, షరతులు అన్నీ అర్థమైనట్టే ఉంటాయి. ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుంటే మొదటి వరుస తోచదు. వరుస మొదట్లో ఖాళీ వదలాల్సిన చోట వదలకపోయినా పైథాన్ ముందుకు కదలదు. ఎర్రర్ సందేశం చదివి, అది చెబుతున్నదేమిటో విడదీసి చూసుకోవడమే ఒక చదువు. బడి పని ముగించుకుని వచ్చాక, అలసిన బుర్రతో ఆ చదువు నిజంగానే కష్టం.

అసలు కష్టం తెలుగు లిపి దగ్గర మొదలైంది. ‘స్త్రీ’ పొడవు ఎంత అని అడిగితే పైథాన్ 6 అంటుంది. మన కంటికి అది ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం వేరువేరుగా ఆరు. అందువల్ల గురులఘువుల జోలికి వెళ్లేముందు ఈ ముక్కలన్నీ పోగుచేసి మనం పలికే అక్షరంగా కూర్చాలి. పొల్లు తర్వాత హల్లు వస్తే అదే అక్షరంలో కలపాలి. గుణింతపు గుర్తు, సున్న, విసర్గ వస్తే ముందున్న దానికి చేర్చాలి. కొత్త హల్లో అచ్చో విడిగా వస్తే కొత్త అక్షరం మొదలుపెట్టాలి.

తర్వాత గురువును గుర్తించడం. దీర్ఘాన్నీ, ఐ, ఔ లనూ, సున్ననూ, విసర్గనూ, పొల్లునూ ఆ అక్షరంలోనే చూసి పట్టుకోవచ్చు. సంయుక్తాక్షరానికి, ద్విత్వాక్షరానికి ముందున్నదో? దాన్ని తేల్చాలంటే ప్రోగ్రాం ఒక అడుగు ముందుకు తొంగిచూడాలి. పాదం చివరికొచ్చేసరికి తర్వాతి అక్షరమే ఉండదు. అక్కడేం చేయాలో కూడా చెప్పకపోతే ప్రోగ్రాం ఆగిపోతుంది. క్లాసులో ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు, పిల్లలకు తెలిసిపోతుంది. యంత్రానికి అన్నీ చెప్పాల్సిందే.

సంయుక్తాక్షరానికి ముందున్నా అన్నిసార్లూ గురువు కాదు. ‘ఒక స్త్రీ’ అన్నప్పుడు అవి వేరు పదాలు కాబట్టి ‘క’ లఘువే. ‘దేవస్తుతి’ సమాసం కాబట్టి అందులో ‘వ’ గురువు. ఏది సమాసమో నా ప్రోగ్రాంకు తెలియదు. అందుకే వేరు పదాల మధ్య ఖాళీ ఉంచి, సమాసాన్ని కలిపి టైపు చేయాలన్న నియమం పెట్టాను. ఏళ్ల తరబడి చెవితో తేల్చుకుంటున్న విషయాన్ని నియమంగా రాయాల్సి వచ్చినప్పుడే అందులో వ్యాకరణం ఎంత ఉందో నాకు స్పష్టంగా కనిపించింది.

ఈ శ్రమకు దక్కిన ఆనందం గణాల దగ్గర ఉంది. గురువుకు 1, లఘువుకు 0 పెట్టుకున్నాను. మూడక్షరాలకు రెండేసి అవకాశాలు, మొత్తం ఎనిమిది గణాలు. భగణం 100, రగణం 101, నగణం 000. ఉత్పలమాల పాదంలోని భ, ర, న, భ, భ, ర గణాలు, చివర రెండక్షరాల వగణం కలిసి ఇరవై అంకెల వరుసగా వచ్చాయి. ఆ వరుసలో మొదటి 1 తీసి రెండు సున్నాలు పెడితే న, జ, భ, జ, జ, జ, ర అవుతుంది. అదే చంపకమాల! శార్దూలంలో మొదటి గురువును రెండు లఘువులు చేస్తే మత్తేభం అవుతుంది. పండితులకు ఇది పాత సంగతే. అంకెల్లో రాసి చూపిస్తే పదో తరగతి పిల్లలు కూడా తమంతట తామే కనిపెట్టగలరు.

పాఠం చెప్పే తీరూ మారింది. ‘వికృతి’లో ‘కృ’ కింద గుర్తు చూసి, అది సంయుక్తాక్షరమనుకుని పిల్లలు ‘వి’ని గురువంటారు. యూనికోడ్‌లో ‘కృ’ అంటే కకారం, వట్రసుడి, అంతే. మధ్యలో పొల్లు లేదు, రెండో హల్లూ లేదు. ‘క్ర’లో మాత్రం రెండూ ఉన్నాయి. ఇప్పుడు బోర్డు మీద రెండింటినీ ముక్కలుగా విడదీసి చూపిస్తాను. తేడా పిల్లలు వెంటనే పట్టుకుంటారు.

ప్రోగ్రామింగ్ నాకు ఇప్పటికీ తేలిక కాదు. వేగంగా రాయలేను. యతిప్రాసలు చూసే భాగం ఇంకా మిగిలి ఉంది. యతిమైత్రి నియమాలు ఒక్కొక్కటిగా రాసుకుంటున్నాను. కష్టంగా ఉందంటే మనకు రాదని అర్థం కాదు. తెలుసనుకున్న విషయాన్ని ఒక్క మెట్టు కూడా వదలకుండా చెప్పడం ఎవరికైనా కష్టమే.

ఏ వృత్తిలో ఉన్నవారికైనా నేను చెప్పేది ఒకటే. లెక్కలు రావనో, ఇంగ్లీషు రాదనో, వయసైపోయిందనో ఆగిపోకండి. మీకు బాగా తెలిసిన, మీరు ప్రేమించే పనిలోంచి ఒక చిన్న సమస్య తీసుకుని దానికే ప్రోగ్రాం రాయండి. అది పూర్తయ్యేలోపు మీ పని మీకు మరింత బాగా తెలుస్తుంది.