ఇటుకల ట్రాక్టరు

అది 2018 మార్చి. పదో తరగతి లెక్కల పరీక్ష. హాస్టల్ నుంచి ఏడుగురం ఒకే ఆటోలో బయలుదేరాం. సగం దారిలో క్లచ్ వైరు తెగింది. సెంటరు ఇంకా ఆరు కిలోమీటర్లు. డ్రైవరన్న సెల్ తీసుకొని మా నాన్నకి ఫోన్ చేశాం. బట్టీ నుంచి ఇటుకల లోడుతోనే ట్రాక్టరు తోలుకొచ్చాడు. మా యూనిఫాంలకి ఎర్రమట్టి అంటకుండా గోనెసంచులూ, తన తువ్వాలూ పరిచాడు. "హాల్‌టికెట్లు ఉన్నాయా?" అని మాత్రం అడిగాడు. గేటు మూసేలోపు దిగాం.

లోడు ఆలస్యమైందని యజమాని ఆ రోజు కూలి ఇవ్వలేదట. ఫలితాలొచ్చాక అమ్మ చెప్పింది. ఏడుగురం పాసయ్యాం.

మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. ఇప్పుడు పీజీ. సంతకం రాని నాన్న నేటికీ అడిగేది ఒకటే: "హాల్‌టికెట్ పెట్టుకున్నావా?"

తమ్ముళ్లూ, పరీక్షకి బయలుదేరేముందు ఒక్కసారి ఇంటికి ఫోన్ చేయండి.