జనవరి ఒకటిన పుట్టినవాళ్లు

ఆధార్ కార్డు ప్రకారం మా అమ్మమ్మ జనవరి 1న పుట్టింది. ఆవిడ లెక్క వేరు. "నాగుల సవితి నాడు పుట్టానట బాబూ. మా అమ్మ పొద్దున్న పుట్టలో పాలు పోసి వచ్చిందట, పొద్దుగూకేసరికి నాను" అంటుంది. ఏ సంవత్సరమో మాత్రం ఎవరికీ తెలీదు. ఆధార్ తీయించుకోవడానికి వెళ్లినప్పుడు కంప్యూటర్ ముందున్న కుర్రాడు వయసెంత అని అడిగితే "అరవై ఉంటాయేమో" అందట. అతను లెక్క కట్టి ఒక సంవత్సరం వేశాడు. రుజువు లేకుండా వయసు మాత్రమే చెప్పినవాళ్లకి తారీఖు దానంతట అదే జనవరి 1 పడుతుంది. అలా మా అమ్మమ్మ వీధిలో ముసలివాళ్లు చాలామంది ఒకే రోజు పుట్టేశారు.

ఇది చెప్పి ఫ్రెండ్స్ దగ్గర చాలాసార్లు నవ్వించాను. ఇప్పుడు నాకే నవ్వు రావట్లేదు. ఎందుకో చెప్పాలంటే రెండు సంగతులు చెప్పాలి. ఒకటి రేషన్ షాపు దగ్గర జరిగింది. రెండోది ఆఫీసులో, నా చేతుల మీదుగా జరిగింది.

మొదటిది 2017 ఎండాకాలంలో. నేను బీటెక్ రెండో సంవత్సరం అయిపోయి సెలవులకి వెళ్లాను. మా అమ్మమ్మది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర ఒక ఊరు. అటువైపు ఆడవాళ్లలో చాలామంది లాగే ఆవిడ కూడా ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొట్టింది. పిక్క పెంకులో ఒక నూనె ఉంటుంది. అది తగిలితే చర్మం కాలుతుంది. బూడిద రాసుకుని కొట్టినా వేళ్లు నల్లబడతాయి, పొరలు లేస్తాయి. ఆవిడ చెయ్యి పట్టుకుంటే వేళ్ల చివర్లు గాజుపెంకులా నున్నగా తగిలేవి. చిన్నప్పుడు నాకు ఆ నునుపు భలే ఇష్టంగా ఉండేది.

ఆ రోజు బియ్యానికి నేనూ కూడా వెళ్లాను. డీలర్ దగ్గర చిన్న మిషను. అమ్మమ్మ కుడి బొటనవేలు పెట్టింది. పడలేదు. ఎడమది పెట్టింది. పడలేదు. డీలర్ మంచివాడే, "మామ్మా, కొంగుకి తుడిసి పెట్టు" అన్నాడు. తుడిచింది. నీళ్లతో కడిగింది. పక్కనున్నావిడ తల నూనె రాసి చూడమంది. పది వేళ్లూ అయ్యాయి. ఎర్ర లైటు. వెనక లైన్లో జనం విసుక్కుంటున్నారు. "వీఆర్వో గారొచ్చి వేలు పెడితే ఇచ్చేస్తానమ్మా, ఆయన ఇవాళ లేరు" అన్నాడు డీలర్.

అమ్మమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు కంపూటర్లు సదువుతున్నావు కదేటి. నానే అని దానికి సెప్పు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ డీలర్‌కి మా అమ్మమ్మ ముప్ఫై ఏళ్లుగా తెలుసు. లైన్లో అందరికీ తెలుసు. తెలియనిది ఆ మిషనుకొక్కదానికే. అయినా ఆ రోజు అందరి మాటా చెల్లలేదు, దాని మాటే చెల్లింది. ఖాళీ సంచి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాం. రెండు రోజుల తర్వాత బియ్యం వచ్చాయి. మాకు ఆ రెండు రోజులు పెద్ద కష్టమేమీ కాలేదు, అమ్మ డబ్బులు పంపుతుంది కాబట్టి. పంపేవాళ్లు లేని ఇళ్లు కూడా ఆ లైన్లో ఉన్నాయి.

ఆ మిషను ఏం చేస్తుందో తర్వాత చదువుకున్నాను. వేలి మీద గీతలు ఎక్కడ ఆగిపోయాయి, ఎక్కడ రెండుగా చీలాయి అనే గుర్తుల్ని పట్టుకుంటుంది. ముందే దాచిన గుర్తులతో పోల్చి ఒక మార్కు వేస్తుంది. అది ఒక హద్దు దాటితే మీరు మీరే. దాటకపోతే కాదు. హద్దు కిందికి దించితే ఒకరి బదులు ఇంకొకరు వేలు పెట్టి బియ్యం పట్టుకుపోవచ్చు. పైకి పెంచితే అసలు మనిషే వెనక్కి తిరిగి పోవాల్సి వస్తుంది. రెండు తప్పులూ ఒకేసారి సున్నా అయ్యే హద్దు అంటూ ఏదీ లేదు. కాబట్టి ఎక్కడో ఎవరో కూర్చుని ఏ తప్పు జరిగినా ఫర్వాలేదో ఎంచుకోవాలి.

మా ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఇదంతా గ్రాఫు రూపంలో ఉంటుంది. అది నిజానికి రాజకీయం అని నాకు ఏ సారూ చెప్పలేదు. దొంగ ఒకడు తప్పించుకోవడం పెద్ద నష్టమా, అర్హురాలు ఒకావిడ ఆకలితో వెనక్కి వెళ్లడం పెద్ద నష్టమా అన్న ప్రశ్నకి లెక్కల్లో జవాబు దొరకదు.

ఇంతా చెప్పి మిషను వద్దంటున్నానా అంటే, కాదు. మా అమ్మమ్మే ఒప్పుకోదు. మిషను రాకముందు "సరుకు అయిపోయింది" అన్న మాట ఎన్నిసార్లు వినిందో ఆవిడకే తెలుసు. పదిహేనో తారీఖు దాటితే కార్డుకి విలువ ఉండేది కాదట. ఇప్పుడు ఎవరి సరుకు ఎవరు తీసుకున్నారో రికార్డు ఉంటుంది. మా ఊరి నుంచి హైదరాబాద్ వచ్చి బిల్డింగ్ పనులు చేసుకునేవాళ్లు ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పుణ్యాన ఇక్కడే బియ్యం తీసుకుంటున్నారు. పాత పద్ధతిలో ఇది ఊహించడానికి కూడా లేదు. దొంగతనం జరగలేదని, అంతా బాగుండేదని అనేవాళ్లు రేషన్ షాపు లైన్లో నిలబడి ఉండరు.

నా బాధ మిషను ఉన్నందుకు కాదు. అది తప్పు చేసినప్పుడు ఆ తప్పు ఎవరు మోస్తున్నారన్నదే. ఇది నాకు పూర్తిగా అర్థమైంది రెండో సంగతి వల్ల.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకి నాకు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఏ కంపెనీ, ఏ రాష్ట్రం అని అడక్కండి, చెప్పకూడదు. వృద్ధాప్య పెన్షన్ల జాబితాలో ఒకే మనిషి పేరు రెండుసార్లు ఉంటే పట్టుకోవడం పని. పేరు, భర్త లేదా తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ. వీటిని పోల్చి మార్కులు వెయ్యాలి.

మన పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే ఎంత గందరగోళమో తెలుసు కదా. ఒకే లక్ష్మి ఒక చోట ఎక్స్‌తో, ఇంకో చోట కేఎస్‌హెచ్‌తో ఉంటుంది. ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఒక కార్డులో వెనక, ఒక దాంట్లో ఒట్టి పొడి అక్షరం. పెళ్లయ్యాక అది కూడా మారుతుంది. అందుకే పేరు అక్షరం అక్షరం కలవాలని పట్టుబట్టలేం. దాదాపుగా కలిస్తే చాలనుకోవాలి. పేరుని నమ్మలేం కాబట్టి పుట్టిన తేదీకి ఎక్కువ బరువు ఇచ్చాను. తేదీ అంటే గట్టి ఆధారం కదా అనుకున్నాను. నూటికి 85 మార్కులు దాటితే ఇద్దరూ ఒకరే. ఆ 85 అన్న అంకె నేనే ఒక ఫైల్లో టైపు చేశాను. ఏ మంత్రీ చెప్పలేదు, ఏ జీవోలోనూ లేదు. నా చేతికి దొరికిన శాంపిల్ డేటాలో అది బాగా పనిచేసింది. ఆ శాంపిల్‌లో ఉన్నవాళ్లంతా టెన్త్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లని నాకు తట్టలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక కంప్లైంటు వచ్చింది. ఒకే ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు. పేర్లు మార్చి చెప్తాను. ఇద్దరూ లక్ష్ములే, ఇద్దరి భర్తలూ రాములే. మన ఊళ్లల్లో ఇదేం వింత కాదు. గ్రామదేవత పేరు ఇంటికొకరికి ఉంటుంది. ఇద్దరి పుట్టిన సంవత్సరం ఒకటే. తేదీ జనవరి 1.

నాకు ఒళ్లు జల్లుమంది. మొత్తం జాబితాలో ఎవరు ఏ తేదీన పుట్టారో గ్రాఫు గీసి చూశాను. మిగతా రోజులన్నీ గడ్డిపోచల్లా కింద ఉన్నాయి. జనవరి 1 ఒక్కటే తాటిచెట్టులా నిలబడి ఉంది. నేను గట్టి ఆధారం అనుకున్నది, అసలు ఆధారమే లేదని చెప్పే గుర్తు. ఆ సంగతి దేశంలో నాకు తెలిసినంత ఇదిగా ఎవరికి తెలియాలి? చిన్నప్పటి నుంచీ నాగుల చవితి కథ వింటూ పెరిగినవాణ్ని.

సరిచేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. జనవరి 1 అయితే తేదీకి మార్కులు ఇవ్వకు అని ఒక షరతు. అంతే. కంప్లైంటు మూసేశాం. అప్పటిదాకా మా ప్రోగ్రామ్ పట్టిచ్చినవాళ్ల సంగతేంటని మా మేనేజర్‌ని అడిగాను. ఫీల్డ్ వెరిఫికేషన్ ఉంటుందన్నారు. పెన్షన్ ఆపేశాక వెరిఫికేషనా, వెరిఫికేషన్ అయ్యాక ఆపడమా? "అది మన స్కోప్ కాదు" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే అది మా కాంట్రాక్టులో లేదు. నేను ఇంకో మెయిల్ పెట్టి ఉండొచ్చు. అది అప్రైజల్ నెల. పెట్టలేదు. ఆ ఇద్దరు లక్ష్ముల్లో ఒకరికి పెన్షన్ ఎన్ని నెలలు ఆగిందో నాకు ఈ రోజుకీ తెలీదు.

ఇది నా ఒక్కడి అనుభవమే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. తెలంగాణలో వేర్వేరు శాఖల రికార్డులు కలిపి ఒక్కో కుటుంబం వివరాలు తేల్చే 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ ఉంది. 2014, 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. వాటి మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2016 తర్వాత రద్దయిన కార్డులన్నీ మనుషులు స్వయంగా వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022లో కోర్టు ఆదేశించింది. 2024 జనవరిలో కొందరు జర్నలిస్టులు వివరంగా రాసిన కథనంలో హైదరాబాద్‌కి చెందిన ఒక ముసలావిడ గురించి చదివాను. భర్త రిక్షా తొక్కేవాడు. దాదాపు అదే పేరున్న ఇంకెవరికో కారు ఉంది. కంప్యూటర్ ఇద్దర్నీ ఒకరే అనుకుంది. కారున్న ఇంటికి రేషన్ ఎందుకు?

అది చదువుతుంటే ఆ ప్రోగ్రామ్ రాసినవాడు నాకు కళ్లకి కట్టినట్టు కనిపించాడు. నాలాగే ఉంటాడు. నాలాగే ఒక ఫైల్లో ఒక అంకె టైపు చేసి, టీ తాగడానికి కిందికి వెళ్లి ఉంటాడు.

చట్టంలో ఈ భయం లేకపోలేదు. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఆధార్ మీద తీర్పు ఇచ్చింది. అయిదుగురు జడ్జిల్లో నలుగురు ఆధార్ చట్టాన్ని చాలావరకు సమర్థించారు. వేలిముద్ర పడలేదన్న కారణంతో అర్హులెవరికీ పథకం ఆగదని కేంద్రం తరఫున ఇచ్చిన హామీ కూడా ఆ తీర్పులో నమోదైంది. కానీ హామీ ఢిల్లీలో ఉంటుంది, ఎర్ర లైటు మా ఊళ్లో వెలుగుతుంది. మధ్యలో దాన్ని అమలు చెయ్యాల్సింది ఎక్కడ? ఆ ప్రోగ్రామ్‌లోనే. 'వేలు పడకపోతే కూడా ఇచ్చెయ్, పేరు రాసుకో, తర్వాత విచారించు' అనే దారి మిషన్లో పెట్టకపోతే డీలర్ ఎంత మంచివాడైనా ఇవ్వలేడు.

ఆంధ్రలో 2021లో రేషన్ వ్యాన్లు ఇళ్ల దగ్గరికి వచ్చాయి. 2025 జూన్ నుంచి మళ్లీ షాపులు వచ్చాయి. వ్యాన్ మంచిదా షాపు మంచిదా అని టీవీల్లో బోలెడు కొట్టుకున్నాం. ఆ మధ్యలో మిషను గురించి, అందులో ఉన్న హద్దు గురించి ఎవరైనా మాట్లాడటం నేను వినలేదు. ప్రభుత్వాలు మారినప్పుడు బళ్ల రంగులు మారతాయి. లోపల కోడు అలాగే ఉంటుంది. దాన్ని ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ దింపలేరు.

నేను అడిగేది పెద్ద కోరికలేం కాదు. అనుమానం వస్తే ముందు మనిషి వెళ్లి చూడాలి, ఆ తర్వాతే ఆపాలి. ఆపితే ఎందుకు ఆపారో తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలో అందులో ఉండాలి. నేనే నేనని నిరూపించుకునే పని డెబ్బై ఏళ్ల మనిషి మీద పెట్టకూడదు. కాదని నిరూపించే పని మిషను పెట్టినవాళ్లది కావాలి. ఇంకొకటి మా వాళ్లకి, అంటే సాఫ్ట్‌వేర్ వాళ్లకి. 97 శాతం కరెక్ట్ అని స్లైడ్ వేసినప్పుడు, లక్ష మందిలో మిగిలిన ఆ మూడు వేల మంది ఎవరని ఒక్కసారి అడగండి. ఎక్కువసార్లు వాళ్లు అరిగిన వేళ్లవాళ్లు, తారీఖు తెలియనివాళ్లే అయ్యుంటారు.

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు జూనియర్లు పనిచేస్తున్నారు. ఎవరు మార్కుల లెక్క రాసినా, హద్దు దాటనివాళ్లకి ఏమవుతుందో ఒక వాక్యం రాయమంటాను. మొదట్లో చాదస్తం అనుకున్నారు. నాగుల చవితి సంగతి చెప్పాక మానేశారు.

మొన్న జనవరి ఒకటిన అమ్మమ్మకి ఫోన్ చేసి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాను. "నాది సవితిరా, నీకెన్నిసార్లు సెప్పాల" అని తిట్టింది. ఆ రోజు రేషన్ షాపులో ఆవిడ చెప్పమన్న మాట గుర్తొచ్చింది. ఎనిమిదేళ్లు దాటిపోయింది. దానికి ఇంకా పూర్తిగా చెప్పలేకపోయాను అమ్మమ్మా. చెప్తూనే ఉన్నాను.