పానగల్ పార్కు

చెన్నపట్టణమునఁ బట్టుచీరలు కొనఁబోయిన సోదరీమణులకుఁ ద్యాగరాయనగరములోని పానగల్ పార్కు తెలియనిది కాదు. కొన్నియేండ్ల క్రిందట మేమును అంగళ్ల సందడి నడుమ నున్న యా తోఁటలోఁ బిల్లలతోఁ గూర్చుండి బడలిక తీర్చుకొంటిమి. ఆ పేరెవరిదని యడుగఁగా, బస్సు లాఁగు చోటి పేరని పలువురు చెప్పిరి.

అది మన తెలుఁగువారి బిరుదనామము. 1866లో కాళహస్తిలో జన్మించిన పానగంటి రామారాయణింగారే పానగల్లు రాజావారు. సంస్కృతము చక్కగాఁ జదివిన యీయన 1921 మొదలు 1926 వఱకు మద్రాసు రాజధానికిఁ బ్రధానమంత్రిగా నుండిరి. ఆ 1921లోనే యచటి శాసనసభ స్త్రీలకు వోటుహక్కు నీయఁ దీర్మానించెను. బ్రిటిషుపాలనలోని రాష్ట్రములలో నట్లు చేసినది మద్రాసే మొదటిది.

రాజావారి కాలముననే మాంబళమువద్ద పెద్దచెఱువు నీరు తీసివేసి క్రొత్తపేట గట్టిరి. పేటకుఁ బిట్టి త్యాగరాయ సెట్టిగారి పేరును, తోఁటకు రాజావారి పేరును బెట్టిరి. రాజావారు 1928లో గతించిరి.

ఇటీవల భూగర్భమున మెట్రో రైలుమార్గము వేయుటకై యా తోఁటను ద్రవ్విరి. చెట్లు మరల నాటవచ్చును. పేరు వెనుకనున్న కథ మఱచితిమేని దానిఁ దెచ్చుట కష్టము. కావున నచటికిఁ బోవు సోదరీమణులు చీరల మూటతోపాటు ఈ కథనుగూడ నింటికిఁ దెచ్చి బిడ్డలకుఁ జెప్పుదురుగాక.