అడిగినోళ్లు ఎవురు?

మా మేనల్లుడు పశువుల డాక్టరు. "గొర్రెల మీద రాయాలంటే ఒక్కరోజు నాతో రా మామా" అని పోరుపెడితే తంబళ్లపల్లె పోయినాను. మల్లయ్యకొండ చుట్టుపక్కల ఊళ్లలో ఒక రొప్పం అది. నలభై జీవాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. ఒక్క గొర్రె మాత్రం కంచెకు ఆనుకుని నిలబడింది. వెన్ను మీద చెయ్యి పెడితే ఎముకలు లెక్కబెట్టచ్చు. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది.

"మేత మేస్తాది, నీళ్లు తాగతాది. అయినా ఎండిపోతా ఉండాది సామీ" అంది ఆ ఇంటి ఇల్లాలు. "పురుగుల మందు మూడుసార్లు తాపిచ్చినాం. పోయినేడు రెండు ఇట్లే అయితే సంతలో అమ్మేసినాం."

ఆ మాటకు మావాడి చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

వాడి అనుమానం జోన్స్ వ్యాధి. 1895లో జర్మనీలో యోనే అనే ఆయన బయటపెట్టిన రోగం. క్షయ క్రిమికి దాయాది లాంటి క్రిమి పేగు గోడల్లో చేరి, తిన్నది ఒంటికి పట్టనివ్వదు. ఆవులకైతే పారుడు ఆగదు. గొర్రెల్లో చాలాసార్లు పారుడే ఉండదు కాబట్టి కడుపులో పురుగులేమో అనుకుంటారు. పిల్లగా ఉన్నప్పుడు పాలతోనో, పేడ అంటిన పొదుగుతోనో లోపలికి పోయిన క్రిమి ఏళ్ల తరబడి బయటపడదు. పడ్డాక నయం చేసే మందు లేదు.

వాడు తొడుగు వేసుకుని, తోక ఎత్తి, లోపలి నుంచే కొంచెం పేడ తీసి డబ్బాలో పెట్టినాడు. మెడ మీద వెంట్రుకలు పక్కకు దువ్వి, బొటనవేలితో నరం నొక్కిపట్టి రక్తం తీసినాడు. గొర్రె గింజుకోలేదు, గింజుకునే సత్తువ లేదు. తర్వాత బాగా కండపట్టిన వాటి దగ్గరికి పోయినాడు. "చిక్కినదాన్ని చూస్తే చాలదు మామా. కొవ్వుగా ఉన్నవాటిలో ఎన్నింటికి అంటిందో తెలియాల. ఈసారి పరీక్షకు దొరకనివి వచ్చేసారి దొరుకుతాయి."

మధ్యాహ్నం గాజు పలక మీద పేడను పల్చగా పూసి, ఎర్రరంగు పోసి, ఆవిరి లేచేదాకా కింద మంట చూపించినాడు. మరగనివ్వకూడదంట. ఆమ్లంతో కడిగితే మిగతావన్నీ రంగు వదులుకుంటాయి, ఈ క్రిమి వదలదు. ఆపైన నీలిరంగు వేసి, సూక్ష్మదర్శిని నాకు ఇచ్చినాడు. నీలిలో ఎర్రటి పుల్లలు గుంపులు గుంపులుగా ఉన్నాయి.

మనుషుల కళ్లెలో క్షయను వెతికేదీ ఇట్లే. పక్కనే మదనపల్లెలో, 1912 నుంచి క్షయ రోగుల్ని చూసిన ఆరోగ్యవరం ఆసుపత్రి ఉంది. దేశంలో బీసీజీ టీకా 1948లో మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. మనిషి దగ్గుకు అంత చేసిన గడ్డ ఇది. అదే వంశపు క్రిమి గొర్రె పేగులో దూరితే పట్టించుకోలేదెందుకని నాకు కడుపు రగిలింది. పారుడు రోగానికి, చిటుకు రోగానికి టీకాలు తెలుసు ఈ ఇల్లాలికి. దీని పేరే తెలియదు. మథుర దగ్గర మఖ్దూం మేకల పరిశోధన సంస్థలో మన దేశపు క్రిమితోనే దీనికి టీకా తయారుచేసినారు, ఆ సంగతీ ఈ రొప్పం దాకా రాలేదు. జబ్బు తేలిన జీవాన్ని ఏం చేయాలో, దాని ఖరీదు ఎవరిస్తారో చెప్పకపోతే వాళ్లు సంతకు తోలక ఏంచేస్తారు? సంతలో కొన్నవాడి మందలోకి రోగమూ నడిచిపోతుంది.

న్యూజిలాండులో జింకల్ని మాంసానికి పెంచుతారు. అక్కడ ఈ రోగం ఏడాది వయసు కూడా నిండని పిల్లల్నీ తీసుకుపోతుంది. కోతశాలలో పేగుల దగ్గరి గ్రంథులు వాచి కనిపిస్తే ఆ కబురు పెంచినవాడికి చేరే ఏర్పాటు చేసుకున్నారు. మన దగ్గర బోటి కడిగే ప్రతి చెయ్యీ ఆ పేగుల్ని చూస్తుంది. ఆ చూపును రాసుకునే పుస్తకం లేదు.

సాయంత్రం ఆ ఇంటికి మళ్లీ పోయినాం. గొర్రె సంగతి చెప్పి, దాన్ని, దాని పిల్లను మందకు ఎడంగా కట్టమన్నాడు మావాడు. ఆమె చాలాసేపు పలకలేదు.

"అమ్మినవి కాక ఒకటి మేమే కోసుకున్న్యాం. బోటి కడిగేటప్పుడు గడ్డలు గడ్డలుగా చేతికి తగిలె. పేగు దళసరిగా ఉండె."

"ఎవరికైనా చెప్పినావా అక్కా?"

"అడిగినోళ్లు ఎవురు సామీ?"

వాడు జేబులోంచి నోటుపుస్తకం తీసినాడు. "ఏ నెలలో అక్కా అది?"

"సంక్రాంతికి" అంది.