మూడొందల లీటర్లు చాలు

సోఫాలు, కార్పెట్లు కడిగే ఈ పనిలోకి కొత్తగా దిగే కుర్రాళ్లు హైదరాబాద్ చైతన్యపురిలో నా షెడ్డుకొచ్చి ముందు అడిగేది నీళ్ల ట్యాంక్ గురించే. "అన్నా, బండి మీద వెయ్యి లీటర్లది పెట్టిద్దామా?" యూట్యూబ్‌లో అమెరికా వ్యాన్లు చూసి వస్తారు మరి. అక్కడ 1970లలోనే వ్యాన్‌లోకి ఇంజను, పంపు, వాక్యూమ్ ఎక్కించి, ఇంట్లోకి పొడుగాటి గొట్టం లాక్కెళ్లి, గోడ నుంచి గోడ దాకా పరిచిన కార్పెట్‌ని వేడినీళ్లతో కడగడం మొదలైంది. మురికినీళ్లకే వంద గ్యాలన్ల ట్యాంక్, అంటే దాదాపు 380 లీటర్లది, ఉన్న బండ్లున్నాయి. మంచినీళ్లు మాత్రం చాలామంది ఇంటివాళ్ల కుళాయి నుంచే పట్టుకుంటారు. వీడియోలో కుర్రాళ్ల కంటికి ఆనని సంగతి అదే.

మన సందుల్లో ఆ గొట్టం నాలుగో అంతస్తు దాకా పోదు. గోడ నుంచి గోడ దాకా కార్పెట్ ఉన్న ఇల్లూ దొరకదు. నాకు వచ్చేవి సోఫాలు, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల పరుపులు, ఫంక్షన్ హాళ్ల ఎర్ర కార్పెట్లు. ఎప్పుడో ఒక వరంగల్ జంపఖానా, మరీ అరుదుగా ఏలూరు ఉన్ని తివాచీ. అందుకే బండి కింద ఆగుతుంది, మెషిన్ లిఫ్టులో పైకి పోతుంది. కార్చర్ వాళ్ల పుజ్జి 10/1 తీసుకోండి. మంచినీళ్లు 10 లీటర్లు, మురికినీళ్లు 9 లీటర్లు పడతాయి. చల్లేది నిమిషానికి లీటరు. పోసిందంతా తిరిగి రాదని కంపెనీవాడికీ తెలుసు, అందుకే మురికి ట్యాంక్ చిన్నది చేశాడు. మామూలు అయిదు సీట్ల సోఫాకి రెండుసార్లు నింపితే సరిపోతుంది. మూడోసారి నింపుతున్నానంటే సోఫా మరీ మురికిదన్నా అయుండాలి, నా హెల్పర్ చెయ్యి ట్రిగ్గర్ మీదే ఉండిపోయిందన్నా అయుండాలి.

నీళ్లు ఎక్కువైతే పని బాగుంటుందనేది కస్టమర్ల నమ్మకం. మంచిగ నానబెట్టి కడగమంటారు. ఫోమ్ లోపలికి దిగిన నీళ్లు వానాకాలంలో రెండు రోజులైనా ఆరవు, మూడోనాటికి ముక్క వాసన. జనపనార అడుగున్న కార్పెట్ అతిగా తడిస్తే ఆరేటప్పుడు గోధుమరంగు మరకలు పైకి తేలతాయి. జంపఖానా సంగతి ఇంకా ఘోరం, రంగు దిగుతుంది. ఎరుపు పక్కన తెలుపు ఉంటే ముందు తడి గుడ్డతో ఒక మూల అద్ది చూడకుండా ముట్టుకోను. చల్లడం ఒకసారి, పీల్చడం మూడుసార్లు, ఇదీ నా పద్ధతి.

ఇక బరువు. లీటరు నీళ్లంటే కిలో. వెయ్యి లీటర్లంటే టన్ను, టాటా ఏస్ మోసేదేమో ముప్పావు టన్ను. పైగా మెషిన్లు, బ్లోయరు, డబ్బాలు, ఇద్దరు మనుషులం. నిండు ట్యాంక్ కంటే సగం ఖాళీ ట్యాంక్ ప్రమాదం. ఎల్‌బీ నగర్ ఫ్లైఓవర్ దిగుతూ బ్రేక్ వేస్తే బండి ఆగాక కూడా వెనక నీళ్లు ఆగవు, కేబిన్‌ని ముందుకు తోస్తాయి. నేను నూటయాభై లీటర్లవి రెండు మంచినీళ్లకి, ఒకటి మురికినీళ్లకి పెట్టించాను. మంచినీళ్లు తగ్గేకొద్దీ మురికినీళ్లు పెరుగుతాయి కాబట్టి పొద్దున ఎత్తిన బరువు సాయంత్రానికి పెరగదు. మంచినీళ్లవి నల్లవి, బండి పైన. మే నెలలో మధ్యాహ్నానికి గీజరు అక్కర్లేదు.

అసలు ఇంటివాళ్ల నీళ్లు వాడొచ్చు కదా అంటారు. బోరు నీళ్లు ఇటువైపు చాలాచోట్ల ఉప్పన. షాంపూ నురగ రాదు, నాజిల్‌లో సున్నం పేరుకుంటుంది, నల్ల సోఫా ఆరాక బూడిద చల్లినట్టు కనబడుతుంది. కృష్ణా నీళ్లే కావాలి. నాగార్జునసాగర్ వైపు నుంచి కోదండాపూర్‌లో శుద్ధయి సాహెబ్‌నగర్ మీదుగా వచ్చే ఆ నీళ్లు నగరానికి 2004లో మొదలయ్యాయి. నల్లా వదిలేది చాలా కాలనీలకి రోజు విడిచి రోజు. 2021 జనవరిలో నెలకి 20,000 లీటర్ల ఉచిత పథకం వచ్చింది గానీ అది ఇళ్లకే, నాలాంటి షెడ్డుకి కాదు. 2024 వేసవిలో బోర్లెండి ట్యాంకర్ల కోసం కాచుకున్న అపార్ట్‌మెంట్లలో నల్లా వైపు చూస్తేనే వాచ్‌మన్ లేచి నిలబడేవాడు. "నీళ్లు మేమే తెచ్చుకున్నం అన్నా" అన్నాకే గేటు తీసేవాడు. ఆ వేసవి నాకు పని తప్పకుండా నడిచిందంటే ఆ రెండు ట్యాంకుల వల్లే.

అంతకుముందు 2020 అక్టోబరు వరద. 13వ తేదీ రాత్రి వానకి కోదండరాంనగర్, సరూర్‌నగర్, చైతన్యపురి కాలనీలు మునిగాయి. నీళ్లు తీశాక ఫోన్లు ఆగలేదు. ప్రతి ఇంట్లోనూ సంపులోకి మురుగు దిగిపోయింది, ఇక అక్కడి నల్లాతో దేన్ని కడుగుతాం? బండి మీదివే శుభ్రమైన నీళ్లు, వాటిలోనూ చేతులు కాళ్లు కడుక్కోవడానికి అడిగిన వాళ్లకి ఇవ్వకుండా ఎలా ఉంటాం. మురుగు తాగిన పరుపుల్ని మాత్రం కడగలేదు, పారెయ్యమన్నాను. పైబట్ట తెల్లబడినా లోపలి దూది బాగుపడదు. కొందరు కోపగించుకున్నారు, కొత్తది కొనడమంటే మాటలా అని. వాళ్ల కోపం న్యాయమే. అయినా ఆ డబ్బు తీసుకోబుద్ధి కాలేదు.

కుర్రాళ్లకి నేను చెప్పేది మురికి ట్యాంక్ గురించి ఎక్కువ. మంచినీళ్లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, మురికినీళ్లు పొయ్యడానికి చోటు దొరకదు. ఫంక్షన్ హాలు వాళ్లు బయట పారబొయ్యమంటారు, వాన కాలువ నేరుగా మూసీకి పోతుంది. అమెరికాలో వాన కాలువలో ఈ నీళ్లు వదిలితే జరిమానా. ఇక్కడ అడిగేవాడు లేడు, అయినా నేను వెంట్రుకలు, దారాలు జాలీలో వడకట్టి టాయిలెట్లోనే పోస్తాను, అది డ్రైనేజీకి పోతుంది కాబట్టి. టాయిలెట్ లేనిచోట ఆ మూడో ట్యాంకులోకే. నురగ ఎక్కితే వాక్యూమ్ మోటార్లోకి నీళ్లు పోతాయి, అందుకని నురగ చంపే మందు ముందే ఒక మూతెడు వెయ్యాలి. పారబోసే ముందు ఒక బకెట్ కస్టమర్‌కి చూపిస్తాను. టీ రంగు నీళ్లు చూడనిదే డబ్బులివ్వని ఇళ్లున్నాయి.